మానవ అక్రమ రవాణా బాధితుల కోసం పనిచేస్తానంటోంది... ఏం చదివించాలి?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. ఈమధ్య కాలేజీ తరఫున ఒక మ్యూజియంకి వెళ్లింది. మానవ అక్రమ రవాణాను అడ్డుకోవడం, శరణార్థులను ఆదుకోవడం గురించి అక్కడ ఒకరు మాట్లాడారట. అప్పటినుంచి ‘నేను ఆ పనే చేస్తా’ అంటోంది. ప్రమాదమేమో, జీతం ఉంటుందో లేదోనని మాకు టెన్షన్. ఏ కోర్సులో చేర్పించాలి? - ఒక తల్లి

జవాబు: అమ్మా, ఈ పని అనగానే తలుపులు బద్దలుకొట్టి బాధితులను విడిపించడమే కళ్లముందు మెదులుతుంది. అది పోలీసుల బాధ్యత. ఈ రంగంలో ఎక్కువమంది రోజంతా చేసేది వినడం, రాయడం, కాగితాలు సమకూర్చడం, పది ఆఫీసులకు ఫోన్లు చేయడం. అందుకని దీనికి ధైర్యం కన్నా ముందు ఏదో ఒక వృత్తి నైపుణ్యం కావాలి. మీ అమ్మాయికి నేను గట్టిగా చెప్పే మాట ఇదే.

అక్రమ రవాణాను అడ్డుకోవడం, శరణార్థులను ఆదుకోవడం నిజానికి రెండు వేర్వేరు రంగాలు. దోపిడీ చేయడం కోసం మోసంతోనో బలవంతంతోనో మనిషిని చేర్చుకోవడాన్ని అక్రమ రవాణాగా 2000 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం ‘పాలెర్మో ప్రొటోకాల్’ నిర్వచించింది. సరిహద్దు దాటించకపోయినా అది నేరమే. బాధితులు పిల్లలైతే మోసం జరిగిందని నిరూపించాల్సిన పనీ లేదు. ఇక శరణార్థి అంటే జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఫలానా సామాజిక వర్గానికి చెందడం వంటి కారణాలతో వేధింపులకు గురవుతానన్న భయంతో దేశం విడిచినవారు. ఆ నిర్వచనం 1951 నాటి ఐక్యరాజ్యసమితి శరణార్థుల ఒప్పందంలో ఉంది. కాగితాలు లేకుండా పారిపోయినవాళ్లు దళారుల చేతికి చిక్కుతారు కాబట్టి చాలాచోట్ల ఈ రెండూ కలిసిపోతాయి.

శరణు కోరి వచ్చిన మనిషిని ఇంటర్వ్యూ చేసే గదిని ఊహించండి. పక్కన దుబాసీ ఉంటారు. ఆ మనిషి ఒకసారి మార్చి అంటాడు, ఇంకోసారి జూన్ అంటాడు. తెలియనివారు ‘అబద్ధం’ అని రాసేస్తారు. శిక్షణ ఉన్న అధికారికి మాత్రం, భయంలో గడిపిన మనిషికి తేదీలు సరిగ్గా గుర్తుండవని తెలుసు. అందుకే ‘అప్పటికి వానలు మొదలయ్యాయా? పిల్లలు బడికి వెళ్తున్నారా?’ అని నెమ్మదిగా అడుగుతారు. ప్రాణానికో స్వేచ్ఛకో ముప్పున్న చోటికి శరణార్థిని తిప్పి పంపకూడదని ఒప్పందంలోని 33వ అధికరణం చెబుతోంది. అయినా అతనికి ఆ రక్షణ అందుతుందా లేదా అన్నది ఆ గదిలో రాసుకున్న నోట్సు మీదే చాలావరకు ఆధారపడుతుంది. అంత బరువైన పని, ఉత్సాహం ఒక్కటే చాలదు.

ప్రసంగంలో ఏ భాగం తన మనసును ఎక్కువ పట్టుకుందో మీ అమ్మాయిని అడగండి. నేరగాళ్లను శిక్షించడమైతే న్యాయశాస్త్రం. బయటపడ్డవాళ్లు మళ్లీ నిలదొక్కుకోవడమైతే సోషల్ వర్క్ లేదా సైకాలజీలో పీజీ. భాషలంటే ఇష్టమైతే అనువాదం, అందులోనూ అరబిక్, ఫ్రెంచ్ బాగా పనికొస్తాయి. ఎవరూ పట్టించుకోని దారి అకౌంటింగ్: పదిమంది కూలీల జీతాలు ఒకే ఖాతాలో పడుతున్నాయంటే ఆ డబ్బు వేరెవరో కాజేస్తుండవచ్చు; దాన్ని పసిగట్టేది లెక్కలు తెలిసినవారే. అంతర్జాతీయ కార్మిక సంస్థ, దాని భాగస్వాములు 2021కి వేసిన అంచనా ప్రకారం వెట్టిచాకిరీలో 2.76 కోట్ల మంది ఉన్నారు. వారిలో 1.73 కోట్ల మంది లైంగిక దోపిడీ కాక ఇళ్లు, పొలాలు, కర్మాగారాల వంటి ప్రైవేటు రంగంలో చిక్కుకున్నవారు. పాస్‌పోర్టు లాక్కోవడం, జీతం ఆపేయడం, తీరని అప్పు అంటగట్టడం ఇక్కడ కనిపించే గుర్తులు. కాబట్టి కార్మిక తనిఖీ, కంపెనీల సరఫరా గొలుసు (ముడిసరుకు నుంచి అమ్మకం దాకా సరుకు నడిచే దారి) ఆడిటింగ్ చేసేవారూ ఇదే పోరాటంలో ఉన్నట్టే. మానవ హక్కుల మీద మూడు నెలల సర్టిఫికెట్ కోర్సు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

జీతం సంగతి దాచను. స్వచ్ఛంద సంస్థల్లో తక్కువ, పైగా ప్రాజెక్టు నిధులు అయిపోతే ఉద్యోగం కూడా పోవచ్చు. ఐక్యరాజ్యసమితిలో జీతాలు బాగుంటాయి కానీ పోటీ ఎక్కువ, అనుభవం అడుగుతారు. 2025లో నిధులు తగ్గి శరణార్థుల సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్ దాదాపు 3,500 పోస్టులు తగ్గించుకుంది. ఎక్కడైనా చెల్లే డిగ్రీ చేతిలో ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే.

మీరు భయపడే ప్రమాదం కన్నా నాకు ఎక్కువ దిగులు కలిగించేది మరొకటి. రోజూ ఇతరుల బాధ వింటూ ఉంటే నిద్ర పట్టదు, మనుషుల మీద నమ్మకం సడలుతుంది. మంచి సంస్థలు ఇది ముందే తెలుసుకుని, సిబ్బంది మనసువిప్పి మాట్లాడుకోవడానికి సీనియర్లను, కౌన్సెలర్లను ఏర్పాటు చేస్తాయి. ఆ ఏర్పాటు ఉందా అని చేరే ముందే అడగాలి.

ఇప్పుడే మొదలుపెట్టాలనుకుంటే సెలవుల్లో పిల్లలకు చదువు చెప్పడం, ఫారాలు నింపిపెట్టడం, అనువాదంలో సాయం చేయడం వంటివి చాలు. కొత్తగా వచ్చిన విద్యార్థిని నేరుగా బాధితుల ముందు కూర్చోబెట్టి వారి కథ అడగమనే సంస్థ, లేదా వారి ముఖాలు కనిపించే ఫొటోలు ప్రచారానికి వాడే సంస్థ ఎదురైతే, ఎంత పేరున్నదైనా సరే, అక్కడికి పంపకండి.