సాగు సందేహాలు: లోహాలు చేరిన నేలలో వామ్

ప్రశ్న: లోహపు పూత పనుల మురుగునీరు చేరి మా నేలలో కాడ్మియం, సీసం ఎక్కువయ్యాయి. ఇప్పుడు ఆ నీరు ఆగింది. టమాటా నాటేటప్పుడు డీఏపీ (భాస్వరం ఎరువు)తో పాటు వామ్ (వేళ్లతో పొత్తు పెట్టుకునే శిలీంధ్రం) గుళికలు పాదుల పైన చల్లాం. తేడా లేదు. వామ్ లోహాలను పోగొడుతుందంటారు, నిజమేనా?

జవాబు: పోగొట్టదండీ. కాడ్మియం, సీసం మూలకాలు. ఏ సూక్ష్మజీవీ వాటిని కుళ్లబెట్టి మాయం చేయలేదు. వామ్ శిలీంధ్రం చేసే పని వేరు. లోహాల దెబ్బకు పిల్లవేర్లు కురచబడతాయి. భాస్వరమా, మట్టిలో కదలదు. వేరు చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్లలో ఉన్నది అయిపోతే మొక్కకు పస్తే. శిలీంధ్రపు పోగులు ఆ ఖాళీని దాటి కొన్ని సెంటీమీటర్ల దూరం నుంచి భాస్వరం, జింకు తెచ్చిపెడతాయి. లోహంలో కొంత ఆ పోగుల గోడలకే అంటుకుని ఆగిపోతుంది. కాయకు చేరేది చాలాసార్లు తగ్గుతుంది, కానీ శిలీంధ్రం రకం, పంట, లోహం మోతాదును బట్టి పెరగనూ వచ్చు. అందుకే కాయను ల్యాబులో పరీక్ష చేయించాకే తినాలి, అమ్మాలి.

మీ దగ్గర పని చెడగొట్టింది బహుశా డీఏపీయే. భాస్వరం సులువుగా దొరికితే మొక్క శిలీంధ్రానికి చక్కెర పంపడం తగ్గిస్తుంది. మట్టి పరీక్షలో భాస్వరం చాలినంత ఉంటే డీఏపీ ఆపేయండి. పైపైన చల్లడమూ పొరపాటే, గుళిక వేరుకు తగలాలి. నారుమడిలోనే విత్తనం కింద 2–3 సెంటీమీటర్ల లోతున పలచటి పొరగా వేస్తే, నాటేనాటికి వేళ్లలో చేరి ఉంటుంది. ఆ మడిని శిలీంధ్రాలను చంపే కార్బెండజిమ్‌తో తడిపితే మాత్రం అంతా వృథా.

శిలీంధ్రం వేళ్లలో పట్టిందో లేదో చూడాలంటే నాటిన 6 వారాలకు సన్నవేళ్లు కడిగి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో పాలిపోయేదాకా వేడిచేయాలి. చర్మాన్ని కాల్చే ద్రావణం, చేతితొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. మళ్లీ బాగా కడిగి, 5 శాతం నీలి సిరా కలిపిన తెల్ల వెనిగర్‌లో 3 నిమిషాలు మరిగించాలి. సూక్ష్మదర్శినిలో వేరు లోపల నీలి పోగులు, గుండ్రటి తిత్తులు కనిపిస్తే పట్టినట్టు. వేరు పైన అంటుకున్న పోగులను లెక్కలోకి తీసుకోవద్దు.

ఆమ్ల నేలైతే ముందు సున్నం వేసి పీహెచ్‌ను 6.5–7కు తేవాలి. కాడ్మియాన్ని కట్టడి చేయడంలో వామ్ కన్నా నమ్మదగిన పని ఇదే. పొటాష్‌కు మ్యూరియేట్ (క్లోరైడ్ ఉన్న రకం) బదులు సల్ఫేట్ వాడండి. క్లోరైడ్ కాడ్మియంతో జతకట్టి దాన్ని వేరు దాకా తీసుకొస్తుంది.

ప్రశ్న: అదే నేలలో పాలకూర, ఆవాలకు వామ్ వేయవచ్చా?

జవాబు: దండగ. పాలకూర, ఆవ, ముల్లంగి, క్యాబేజీ వేళ్లతో ఈ శిలీంధ్రానికి పొత్తు కుదరదు. పైగా ఆకుకూరలు కాడ్మియాన్ని ఆకుల్లోకి లాక్కుంటాయి. ఈ నేలలో అసలు వేయకండి.