మెచ్చుకునేవాళ్లు ఉన్నారు, చదివేవాళ్లు కావాలి

ప్రశ్న: నా వయసు 49. డిగ్రీ చదివాను. అమ్మాయి పెళ్లయి బెంగళూరులో ఉంటోంది. తీరిక దొరికాక కథలు రాయడం మొదలుపెట్టాను. మా వాట్సాప్ గ్రూపులో పెడితే అందరూ ‘సూపర్’, ‘కళ్లు చెమర్చాయి’ అంటారు. పత్రికలకు పంపితే జవాబే ఉండదు. మా బాబాయిగారు రిటైర్డ్ తెలుగు మాస్టారు. చూసి పెట్టమంటే మాటలన్నీ పుస్తకాల భాషలోకి మార్చి ఇచ్చారు. కథకి మెసేజ్ ఉండాలని గ్రూపులో ఒకావిడ అంటే చివర ఒక పేరా చేర్చాను. మావారు చుట్టాల ముందు ‘ఏం రచయిత్రిగారూ, కూరలో వేయాల్సిన ఉప్పు కూడా కథలోనే వేశారా’ అని నవ్విస్తారు. ఈమధ్య మా అత్తగారి మీద రాసిన కథ చదివి మా ఆడపడుచు ‘మా అమ్మని వీధిలో పెట్టావు’ అని ఫోన్లో ఏడ్చింది. అప్పటినుంచి పెన్ను పట్టుకుంటే గుండెదడ. నిద్ర సరిగా పట్టడం లేదు. అసలు నాకు రాయడం వచ్చా? మానేయమంటారా? ఆ కథ కూడా పంపుతున్నాను.
– ఒక సోదరి, తాడేపల్లిగూడెం

జవాబు: కథ చదివానమ్మా. ముందు దాని సంగతే చెప్తాను. ఇంతమంది ఇన్ని రకాలుగా అన్నారని రాశారు గానీ, వాళ్లలో ఒక్కరైనా ‘కథలో ఫలానా చోట ఇలా ఉంది’ అన్నట్టు ఎక్కడా లేదు.

అత్తగారి పెద్దకర్మ అయిన మర్నాడు కోడలు చేటలో బియ్యం పోసుకుని కూర్చుంటుంది. చత్వారం వచ్చింది, రాళ్లు కంటికి ఆనవు. గూట్లో ఉన్న అత్తగారి కళ్లజోడు తీసి పెట్టుకుంటే అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. ఆ జోడుకి ఒక కాడ విరిగితే పెద్దావిడ తెల్లదారం చుట్టుకున్నారు. దారం కొబ్బరినూనె జిడ్డుకి నల్లబడిపోయింది. కొత్త జోడు చేయించమని ఆవిడ ఎన్నిసార్లు అడిగిందో, వచ్చే నెల చూద్దాం అని తను ఎన్నిసార్లు అందో కోడలికి గుర్తొస్తుంది. బియ్యం ఏరడం మాత్రం ఆపదు.

ఆ అరపేజీ నేను మళ్లీ వెనక్కి వెళ్లి చదువుకున్నాను. రాయడం రానివాళ్లకి ఆ జిడ్డుదారం కనిపించదు. మీ మొదటి ప్రశ్నకి నా జవాబు ఇదే.

అయితే అక్కడికి చేరడానికి నేను పేజీన్నర సూర్యోదయం, కోయిల, కళ్లాపి, ముగ్గు దాటి రావాల్సి వచ్చింది. అవన్నీ దాటాక చేట వచ్చింది. చేట అయిపోగానే ‘మనుషులు బతికుండగానే వాళ్ల విలువ తెలుసుకోవాలి’ అంటూ ఒక పేరా. గ్రూపులో ఆవిడ అడిగిన మెసేజ్ అదేననుకుంటాను. కోడలు చేసిన పని చూశాక ఆ మాట చెప్పక్కర్లేదు, పైగా చెప్తే కాస్త చిన్నబుచ్చినట్టు ఉంది. ముందు సూర్యోదయం, వెనక నీతి, రెండూ కొట్టేయండి.

ఇంతమంది మెచ్చుకుంటున్నా మీకు ధైర్యం రాకపోవడానికి కారణం మీకూ లోపల తెలిసే ఉంటుంది. పొద్దున్నే పెట్టిన గుడ్ మార్నింగ్ బొమ్మకీ మీ కథకీ అదే దండం గుర్తు వస్తే, చదివారో లేదో ఎలా నమ్ముతారు? వాళ్ల తప్పేమీ లేదు, అది పలకరింపు. ఆప్యాయంగా తీసుకోండి, కానీ దాంట్లో సలహా వెతక్కండి. మనవాళ్లు మెచ్చుకోవడం మొదలుపెడితే ఆకాశానికెత్తేస్తారు, ఎక్కడ బాగుందో మాత్రం చెప్పరు. రాసే మనిషికి ఆ ‘ఎక్కడ’ తెలిస్తే తప్ప రెండో కథకి కాళ్లూ చేతులూ ఆడవు.

భండారు అచ్చమాంబగారు బడి మొహం చూడలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకునేటప్పుడు పక్కన కూర్చుని నేర్చుకున్నారు, ఆయన ఓపిగ్గా నేర్పారు. 1902లో ఆవిడ ‘ధనత్రయోదశి’ వచ్చింది. తెలుగులో తొలి కథ అదా, 1910లో వచ్చిన గురజాడ ‘దిద్దుబాటు’నా అని ఇప్పటికీ సభల్లో వాదించుకుంటూనే ఉన్నారు. గురజాడ కూడా మొదట్లో ఇంగ్లీషులో కవిత్వం రాసేవారు. ఆయన ఇంగ్లీషు ‘సారంగధర’ చూసి కలకత్తా ‘రీస్ అండ్ రయ్యత్’ సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ తన పత్రికలో వేసుకున్నారు. మెచ్చుకుంటూనే, పరాయి భాషలో ఎందుకు, మీ తెలుగులో రాయండి అన్నారు. తర్వాత 1897లో ‘కన్యాశుల్కం’ అచ్చయింది. అంత పేరొచ్చిన నాటకాన్ని కూడా ఆయన వదల్లేదు, బాగా పెంచి, మార్చి 1909లో మళ్లీ వేశారు. ఇవాళ మనం చదువుకునేది ఆ రెండోదాన్నే. తమ్ముడైనా సంపాదకుడైనా, ఇద్దరూ వాళ్ల సమయం పెట్టి దగ్గర కూర్చున్నట్టు చదివినవాళ్లే.

మీకూ అలాంటివాళ్లు ఇద్దరు చాలు. మీ ఉత్తరంలో వాళ్లెవరో కనిపించలేదు, మీరే వెతకాలి. గ్రూపులో రోజూ ‘సూపర్’ అనేవాళ్లని వదిలేసి, ఎప్పుడో ఒకసారి ‘ఆ కోడలికి పిల్లలు లేరా?’ లాంటి సందేహం అడిగిన మనిషి ఎవరైనా ఉన్నారేమో చూడండి. వాళ్లకి కథ ప్రింటు తీసి ఇవ్వండి. ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుంది’ అనడం తప్ప వాళ్లకి దారి ఉండదు. ఎక్కడ విసుగొచ్చింది, ఎక్కడ అర్థం కాలేదు, ఏది గుర్తుండిపోయింది అని అడగండి. వాళ్లు చెప్తున్నంతసేపూ ‘నా ఉద్దేశం అది కాదండీ’ అని అడ్డుపడకండి. ఇది చెప్పినంత తేలిక కాదు, నోరు దురద పెడుతుంది. ఇద్దరూ ఒకే చోట తడబడ్డారంటే అక్కడ ఏదో ఉన్నట్టే. దాన్ని ఎలా బాగుచెయ్యాలో వాళ్లు చెప్పే చిట్కా మాత్రం వినేసి ఊరుకోవచ్చు, అది మీ పని.

బాబాయిగారి దగ్గర అచ్చుతప్పులు, వాక్యం కుదరని చోట్లు దిద్దించుకోండి, ఆయనంత శ్రద్ధగా ఇంకెవరూ చూడరు. మనుషుల మాటలు మాత్రం మీ గోదావరి యాసలోనే ఉంచేయండి. ఆయన చేతిలో పడ్డాక మీ కోడలు రేడియోలో వార్తలు చదువుతున్నట్టుంది! ‘సంభాషణలు వదిలేసి మిగతాది దిద్దండి బాబాయిగారూ’ అని ముందే చెప్తే ఆయనేమీ అనుకోరు.

ఇక మీ ఆడపడుచు సంగతి. మిమ్మల్ని ఎక్కువ కుంగదీసింది ఇదేనని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. ఆవిడ అన్నదాన్ని మీరు కథ మీద తీర్పుగా తీసుకుంటున్నారు. నాకు అలా అనిపించడం లేదు. తల్లి కొత్త కళ్లజోడు అడిగిందని, ఇంట్లో ఎవరూ చేయించలేదని ఆవిడకి కూడా మీ కథ చదివాకే తెలిసి ఉండొచ్చు. అంత దూరాన ఉన్న కూతురు, తల్లికి జోడు లేని సంగతి గ్రూపులో అందరితోపాటు చదివింది. ఏడవక ఏం చేస్తుంది? ఆ ఏడుపులో మీ మీద కోపం కొంతే, తనమీద తనకున్నది ఎక్కువ.

కాబట్టి ‘అది కథ వదినా, కల్పితం’ అని సర్దిచెప్పే ప్రయత్నం చేయకండి. ఆవిడ నమ్మదు, అది నిజమూ కాదు. కథ ఊసెత్తకుండా ఒకసారి వెళ్లి కూర్చోండి. అత్తగారి వస్తువుల్లో ఆవిడకి కావాల్సింది ఏదైనా ఉందేమో అడగండి, కళ్లజోడుతో సహా. చివర్లో మాత్రం ‘రాసేముందు నీకు చెప్పాల్సింది’ అనండి, ఆ ఒక్కదానికే క్షమాపణ. రాసినందుకు చెప్పక్కర్లేదు. ఇకముందు ఇంట్లోవాళ్ల మీద రాస్తే ఊరు, పేరు, పిల్లల సంఖ్య, చివరి జబ్బు లాంటివి మార్చేయండి, బయటివాళ్లు గుర్తుపట్టకుండా ఉంటే చాలు. ఇంట్లోవాళ్లు ఎలాగూ గుర్తుపడతారు, అది రాసేవాళ్లందరికీ ఉన్న తలనొప్పే.

మీవారి జోకు గురించి ఎక్కువ చెప్పను. నలుగురిలో అన్న మాటకి నలుగురిలో జవాబిస్తే అది ఇంకో జోకవుతుంది. ఇద్దరే ఉన్నప్పుడు, గొడవలేని రోజున, ‘చుట్టాల ముందు అలా అంటే నాకు చిన్నతనంగా ఉంటోంది’ అని అంతవరకే చెప్పండి. ఆయన మీ కథలు చదవాలని, మెచ్చుకోవాలని పట్టుపట్టకండి. ఆయన మెప్పు కోసం ఆగితే ఏళ్లు గడిచిపోతాయి. రాత్రి భోజనాలయ్యాక ఒక గంట టీవీ సౌండ్ తగ్గించి మిమ్మల్ని పిలవకుండా ఉంటే, అదే ఆయన చేసే పెద్ద సాయం. అది అడిగి తీసుకోండి.

గుండెదడ, నిద్రలేమి అన్నారు. అన్నిటినీ కథ మీదకి, ఆడపడుచు మీదకి తొయ్యకండి. 49 అంటే నెలసరి ఆగిపోయే వయసు. ఆ మార్పుల వల్ల కూడా ఇలా ఉంటుంది. థైరాయిడ్ తేడా చేసినా, రక్తం తక్కువైనా అంతే. ఒకసారి డాక్టర్‌కి చూపించుకుని పరీక్షలు చేయించుకోండి. అవన్నీ బాగున్నా టెన్షన్ తగ్గకపోతే దగ్గర్లోని కౌన్సెలర్‌ని నేరుగా కలవండి.

పత్రికల మౌనం గురించి బెంగ వద్దు. పూర్వం కథతోపాటు స్టాంపు అంటించిన కవరు పెడితే, నచ్చకపోతే తిరుగు టపాలో గోడకి కొట్టిన బంతిలా వచ్చేసేది, కనీసం సంగతి తెలిసేది. ఇప్పుడు మెయిల్ పంపితే చాలా చోట్ల అదీ లేదు. పంపిన తేదీ రాసుకోండి. ఒకే కథ ఒకేసారి రెండు పత్రికలకి పంపకండి, సొంత కథేనని, వేరెక్కడా పరిశీలనలో లేదని హామీపత్రం అడుగుతారు. ఈలోపు మీ ఊరి లైబ్రరీలో వారపత్రికలు తిరగేయండి. కాళీపట్నం రామారావుగారు శ్రీకాకుళంలో 1997లో మొదలుపెట్టిన కథానిలయం వెబ్‌సైట్లో పాత కథలు స్కాన్ చేసి పెట్టారు, ఫోన్లోనే చదువుకోవచ్చు. అత్తాకోడళ్ల మీద మనకంటే ముందు ఎవరెవరు ఏ వైపు నుంచి రాశారో చూస్తే మీకే ఉత్సాహం వస్తుంది.

ఒక ఇబ్బంది ఉంది. కళ్లజోడు కథ గ్రూపులో పెట్టేశారు కదా, సోషల్ మీడియాలో వచ్చిన కథని కూడా అచ్చయినట్టే లెక్కవేసే పత్రికలు ఉన్నాయి. అందుకని దాన్ని దిద్దుకుని మీ దగ్గరే ఉంచండి, ఎప్పుడైనా సంపుటి వేస్తే అందులోకి పనికొస్తుంది. పత్రికకి కొత్తది రాయాలి. సంక్రాంతి కథల పోటీల ప్రకటనలు పండక్కి చాలా ముందే వస్తాయి, గడువు, పదాల పరిమితి చూసుకోండి. కొత్త కథ ముందు ఆ ఇద్దరికే ఇవ్వండి. పత్రికలో అచ్చయ్యాకే గ్రూపులో పెట్టండి.