“ఆ మనిషి నేనే” అన్నారు నాన్న

ప్రశ్న: మా నాన్నగారికి 76 ఏళ్ళు. ఒకే సంస్థలో 37 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. నెల క్రితం ఇంట్లో అందరం కూర్చుని ‘ది రిమైన్స్ ఆఫ్ ది డే’ సినిమా చూశాం. పెట్టింది నేనే. మరీ నెమ్మదిగా ఉందని తమ్ముడు మధ్యలోనే లేచిపోయాడు. నాన్న మాత్రం చివరిదాకా కదల్లేదు. అయిపోయాక “ఆ మనిషి నేనే” అన్నారు. తాతయ్య పోయిన రోజు కబురు అందినా, ఆడిట్ జరుగుతోందని సాయంత్రం దాకా ఆఫీసులోనే ఉండిపోయారట. ఆ సంగతి మాకు అప్పుడే తెలిసింది. అప్పట్నుంచి రోజూ పాత విషయాలే. “అంతా మా కోసమే కదా నాన్నా చేశారు, ఇప్పుడవన్నీ ఎందుకు?” అంటే లేచి వెళ్ళిపోతున్నారు. అమ్మేమో “నేను నోరు తెరిచి అడిగినన్నాళ్ళూ వినపడలేదు, సినిమా చెబితే వినపడిందా?” అంటోంది. నిజానికి నా చిన్నప్పుడు ఏ పుట్టినరోజుకూ నాన్న ఇంట్లో ఉన్నట్టు నాకు గుర్తులేదు. అది ఆయనకు చెప్పలేను. ఇప్పుడు ఆ సినిమా మళ్ళీ పెట్టమంటున్నారు. తమ్ముడు వద్దంటున్నాడు. చూపించి తప్పు చేశానా?

జవాబు: తప్పు చేయలేదమ్మా. ఆ బాధ సినిమాతో వచ్చింది కాదు. తాతయ్యగారు పోయిన రోజు నుంచీ ఆయనలోనే ఉంది. ఇన్నేళ్ళకు దాన్ని పైకి చెప్పుకునే సందు దొరికింది, అంతే.

నేనూ ఆ సినిమా చూశాను. 1993లో వచ్చింది. కజువో ఇషిగురో 1989లో రాసిన నవల దానికి ఆధారం. ఇంగ్లండులో ఒక ప్రభువు బంగళాలో బట్లర్‌గా పనిచేసే స్టీవెన్స్ కథ. ఆంథోనీ హాప్కిన్స్ వేశాడు. 1930లలో ఆ ఇంట్లో పెద్ద పెద్దవాళ్ళ సమావేశం జరుగుతుంటే మేడమీద అతని తండ్రి చనిపోతాడు. కొడుకు కింద అతిథులకు వడ్డిస్తూనే ఉంటాడు. తండ్రి కళ్ళు మూసేది కూడా తోటి ఉద్యోగిని మిస్ కెంటన్. మీ నాన్నగారు ఎక్కడ ఆగిపోయారో నాకు అర్థమవుతోంది. తమ్ముడికి సాగదీతగా అనిపించిన ఆ నెమ్మదితనమే నాన్నగారికి పనికొచ్చింది. రెండుంపావు గంటల సినిమాలో గట్టిగా ఏడవడాలు, అరవడాలు దాదాపు ఉండవు. ఆ ఖాళీలోకి ఆయన సొంత జ్ఞాపకాలు వచ్చి కూర్చున్నాయి.

నవలలో ఇంకో మాట ఉంది. మంచంమీద ఉన్న తండ్రి, నీకు మంచి తండ్రిగా ఉన్నాననుకుంటాను అని మొదలుపెడతాడు. కొడుకేమో ఇప్పుడు చాలా పని ఉంది, ఉదయం మాట్లాడుకుందాం అంటాడు. అతను దుర్మార్గుడేం కాదు. ఆ మాటలు వినే ధైర్యం లేక పని వెనకాల దాక్కుంటాడు. మీరు నాన్నగారితో అన్న “ఇప్పుడవన్నీ ఎందుకు” కూడా దానికి దగ్గరి మాటే. ఇలా అంటున్నానని నొచ్చుకోకండి. ప్రేమతోనే అన్నారు, ఆయన బాధ చూడలేక అన్నారు. కానీ అవతల ఆయనకు వినపడింది మాత్రం ఇక ఆపమనే. అందుకే లేచి వెళ్ళిపోతున్నారు.

పెద్దవాళ్ళు ఇలా పాతవన్నీ తవ్వుకోవడాన్ని ఒకప్పుడు మతి సడలడం కింద లెక్కేసేవారు. రాబర్ట్ బట్లర్ అనే అమెరికన్ మానసిక వైద్యుడు 1963లో అది సరికాదన్నాడు. జీవితం చివరికొస్తోందని తెలిసినప్పుడు మనసు తన లెక్కలు తాను తిరగేసుకోవడం సహజమేనని చెప్పాడు. దీన్నే జీవిత సమీక్ష అంటాం. అది ఒక్కోసారి మనిషిని తేలికపరుస్తుంది, ఒక్కోసారి కుంగదీస్తుంది. పక్కన వినేవాళ్ళు ఉన్నారా లేదా అన్నదాన్ని బట్టి చాలా తేడా వస్తుందని నా అనుభవం. ఇంకో సంగతి కూడా పరిశోధకులు గమనించారు. చేసిన పొరపాట్లు అప్పటికప్పుడు బాగా బాధపెడతాయి, కానీ ఏళ్ళు గడిచేకొద్దీ ఎక్కువగా వేధించేవి చేయకుండా వదిలేసినవే. వెళ్ళని చోటు, చెప్పని మాట, ఇవ్వని సమయం. మీ నాన్నగారి జాబితా అంతా అలాంటిదే కదా.

కాబట్టి వినండి. ఎదురుగా కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చేసినట్టు కాకుండా, పక్కపక్కన నడుస్తూనో, పాత ఫోటోలు చూస్తూనో. “తాతయ్య ఎలా మాట్లాడేవారు?” “ఆ రోజు ఇంటికి వచ్చేసరికి ఎవరెవరున్నారు?” ఇలాంటి చిన్న ప్రశ్నలు చాలు. తీర్పు చెప్పాలనిపిస్తే ఆగండి. “మీ తప్పేం లేదు” అని మీరు కొట్టేస్తే ఆయనకు ఊరట దొరకదు, ఎందుకంటే తప్పుందని ఆయనకు తెలుసు. “ఆ రోజు మీకు చాలా కష్టమైంది కదా నాన్నా” అనండి. ఆ తర్వాత ఆయన మౌనంగా ఉండిపోయినా మీరు కంగారుపడి మాట కలపక్కర్లేదు.

ఇక మీ పుట్టినరోజుల సంగతి. ఉత్తరంలో రెండు వాక్యాల్లో చెప్పి దాటేశారు గానీ, నేను అక్కడే ఆగిపోయాను. “అంతా మా కోసమే” అని ఆయనకు చెబుతున్న మీకే ఆ మాట మీద పూర్తి నమ్మకం లేదు. ఆయనకూ అది తెలిసిపోతూ ఉండవచ్చు. ఒకరోజు మెల్లగా చెప్పండి. నిందలా వద్దు. “నాన్నా, పుట్టినరోజుకి మీరొస్తారని గుమ్మంలో చూసేదాన్ని” అన్నంత చాలు. ఆయన ఏడిస్తే ఏడవనివ్వండి. కూతురు తనతో నిజం మాట్లాడిందన్నది ఆయనకు మిగులుతుంది. అయితే ఆయన బాగా కుంగి ఉన్న రోజున మాత్రం వద్దు.

అమ్మగారి మాటకు వద్దాం. కోపంగా ఉన్నా అది న్యాయమైన మాట. ఏళ్ళ తరబడి అడిగి అలసిపోయిన మనిషికి, ఇప్పుడు ఆయన పశ్చాత్తాపాన్ని కూడా ఓదార్చే పని పడితే ఎలా ఉంటుంది? “పోనీలే అమ్మా, ఈ వయసులో క్షమించెయ్” అని దయచేసి అనకండి. ఇద్దరి మధ్యా కబుర్లు మోయకండి కూడా. నాన్నగారు మిమ్మల్ని అడిగితే ఒక్కటే చెప్పండి. “అంతా నా తప్పే” అని మొత్తంగా కాకుండా, ఏదో ఒక్క సందర్భాన్ని పట్టుకుని అమ్మతో మాట్లాడమనండి. ఆ రోజు నువ్వు ఒక్కదానివే ఉన్నావు, నేను రావాల్సింది, రాలేదు, అని. జవాబు ఆశించకుండా. క్షమించమని అడగడం కూడా ఒక్కోసారి అవతలివాళ్ళ మీద పెట్టే బరువే. అమ్మగారు ఆ రోజు ఏమీ అనకపోవచ్చు, దులిపెయ్యనూ వచ్చు. రెండింటికీ ఆయన సిద్ధపడాలి.

స్టీవెన్స్ ఇరవై ఏళ్ళ తర్వాత, బంగళా వదిలి వెళ్ళిపోయిన మిస్ కెంటన్‌ను వెతుక్కుంటూ వెళ్తాడు. వెళ్ళి, బంగళాలో పనివాళ్ళు తక్కువగా ఉన్నారనే మాట్లాడతాడు. మనసులో ఉన్నది మాత్రం నోటికి రాదు. వానలో ఆమె బస్సెక్కి వెళ్ళిపోతుంది. మీ నాన్నగారు సినిమా అయిన అయిదు నిమిషాల్లో “ఆ మనిషి నేనే” అనగలిగారు. పైగా ఆయన చెప్పాల్సిన మనిషి పక్క గదిలోనే ఉంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఇది పశ్చాత్తాపమా, డిప్రెషనా అన్నది గమనించాలి. బాధపడుతూనే వేళకు తిని, నిద్రపోయి, ఇష్టమైనవాళ్ళు వస్తే ముఖం విప్పుకుంటే అంత టెన్షన్ పడనక్కర్లేదు. అలా కాకుండా రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి చెడినా, ఇష్టమైన వాటిమీద ఆసక్తి పోయినా, బరువు తగ్గుతున్నా, కారణం దొరకని ఒంటినొప్పులు చెబుతున్నా, ఒకే మాట దగ్గర రోజంతా తిరుగుతున్నా డాక్టర్‌కు చూపించండి. వయసు మీద పడినవాళ్ళలో డిప్రెషన్ చాలాసార్లు దిగులుగా కాక ఒంటి బాధలుగా, మతిమరుపుగా కనపడుతుంది. థైరాయిడ్, బి12 లోపం కూడా ఇలాగే ఉండవచ్చు, అవీ పరీక్ష చేయిస్తారు. డిప్రెషన్ ఉందేమో చూడటానికి పెద్దవాళ్ళ కోసమే తయారుచేసిన 15 ప్రశ్నల పరీక్ష ఒకటి ఉంది. అన్నీ అవును, కాదు జవాబులే. పది నిమిషాలు కూడా పట్టదు. చికిత్స ఈ వయసులోనూ బాగా పనిచేస్తుంది.

“నేనింక ఎందుకు బతికుండటం” లాంటి మాట వస్తే వినీవిననట్టు ఉండకండి. “చనిపోవాలనిపిస్తోందా నాన్నా?” అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు. అవునంటే ఒంటరిగా వదలకుండా అదే రోజు వైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళండి.

సినిమా మళ్ళీ పెట్టమన్నారు కదా. పైన చెప్పిన లక్షణాలేవీ లేకపోతే పెట్టండి. రాత్రి పొద్దుపోయాక వద్దు, పగటిపూట పెట్టండి, చూశాక మాట్లాడుకోవడానికి టైమ్ ఉండేలా. తమ్ముడికి ఈ జవాబు చదివి వినిపించండి, ఉండాలనిపిస్తే ఉంటాడు. ఆయన ఎక్కడైనా ఆపమంటే ఆపండి. అమ్మగారిని రమ్మని పిలవద్దు, సైగ కూడా చేయొద్దు. ఒక కుర్చీ ఖాళీగా ఉంచి, గది తలుపు తీసిపెట్టండి.