పల్లీ డోసు నడుస్తుండగా ఇండియా ప్రయాణమా?

ప్రశ్న: మేము టెక్సస్‌లో ఉంటాం. మా ఆరేళ్ల బాబుకి పల్లీ అలర్జీ. పాల్‌ఫోర్జియా అనే పల్లీ పొడి మందుతో ఓరల్ ఇమ్యునోథెరపీ (కొద్దికొద్దిగా తినిపిస్తూ ఒంటికి అలవాటు చేసే చికిత్స) చేయిస్తున్నాం. ఇప్పుడు 80 మి.గ్రా. డోసు నడుస్తోంది. వేసవి సెలవులకు ఐదు వారాలు విజయవాడ వస్తున్నాం. అక్కడ డోసులు ఎలా ఇవ్వాలి? మా అత్తగారేమో "రోజూ పల్లీ తింటూనే ఉన్నాడుగా, కాస్త చట్నీ పెడితే ఏమవుతుంది?" అంటున్నారు.

జవాబు: ముందు అత్తగారి సంగతి చూద్దాం. ఒక పల్లీ గింజలో సుమారు 250 నుంచి 300 మి.గ్రా. ప్రొటీన్ ఉంటుంది. మీ బాబు తింటున్న 80 మి.గ్రా. అంటే గింజలో మూడో వంతు కూడా కాదు. పల్లీల బరువులో దాదాపు నాలుగో వంతు ప్రొటీనే కాబట్టి, చెంచాడు గట్టి చట్నీలో 4 గ్రాముల పల్లీలు ఉన్నా 1,000 మి.గ్రా. ప్రొటీన్ కడుపులోకి వెళ్తుంది. ఇప్పటి డోసుకి అది పన్నెండు రెట్ల పైమాటే. ఎప్పుడైనా పొరపాటున పల్లీ తగిలితే ప్రాణం మీదికి రాకుండా చూడడానికే ఈ చికిత్స. దీని ధైర్యంతో చట్నీ పెట్టకూడదు. పల్లీలు వేసిన పులిహోర, గుత్తివంకాయ కూర, పల్లీపట్టీ ఇదివరకటిలాగే దూరం. రిఫైన్డ్ వేరుశనగ నూనెలో ప్రొటీన్ దాదాపు ఉండదు గానీ గానుగ నూనెలో మిగిలి ఉండొచ్చు. వంటింట్లో ఏది వాడుతున్నారో కనుక్కోండి. అన్నిటికంటే మాకు భయం మిక్సీ జారంటే. పల్లీ చట్నీ రుబ్బిన జారుని పైపైన కడిగి అందులోనే బాబుకి కొబ్బరి చట్నీ రుబ్బేస్తారు. వాడికో జారు విడిగా పెట్టించండి.

ఇక డోసులు. ఈ మందులో 3 మి.గ్రా. నుంచి 300 మి.గ్రా. దాకా 11 మెట్లున్నాయి. ఒక్కో మెట్టు మీద కనీసం రెండు వారాలు ఉండాలి, అంతకంటే ఎక్కువ ఉన్నా ఇబ్బంది లేదు. మెట్టు ఎక్కడం మాత్రం క్లినిక్‌లోనే, తర్వాత గంటసేపు అక్కడే కూర్చోబెట్టి చూస్తారు. కాబట్టి ఐదు వారాలూ 80 దగ్గరే ఆగండి. వచ్చే ముందు కొత్త మెట్టు ఎక్కించవద్దని మీ డాక్టరుతో ముందే మాట్లాడుకోండి.

మందుని ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. ప్రయాణంలో ఐస్ ప్యాక్ డబ్బాలో పెట్టి చేతి సామానులోనే తెచ్చుకోండి. 20 మి.గ్రా. క్యాప్సూల్స్ నాలుగు విప్పి, పొడిని చల్లటి పెరుగులో కలిపి వెంటనే తినిపించాలి. క్యాప్సూల్ మింగించకూడదు, వేడి అన్నంలోనో పాలల్లోనో కలపకూడదు.

టెక్సస్‌లో సాయంత్రం ఏడంటే వేసవిలో మనకి తెల్లవారి ఐదున్నర. విమానం ఎక్కే ముందురోజు సాయంత్రం డోసు ఇచ్చి, ప్రయాణం రోజు ఆపి, విజయవాడ చేరాక రాత్రి భోజనంతో మొదలుపెట్టడం మేలు. ఒకటి రెండు రోజులు తప్పితే అదే డోసుతో కొనసాగించవచ్చు. వరసగా మూడు రోజులు తప్పితే ఇంట్లో మీ అంతట మీరు మొదలుపెట్టకండి, డాక్టరుని అడగాల్సిందే.

నిన్నటిదాకా పడిన డోసు ఇవాళ పడకపోవడానికి సాధారణంగా కారణాలివి: జ్వరం, వాంతులు విరేచనాలు, ఖాళీ కడుపు, నిద్రలేమి, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు, డోసు వేసిన వెంటనే పరుగులు, వేడినీళ్ల స్నానం. ఊరొచ్చిన పిల్లలకు ఇవన్నీ ఒకేసారి కలిసొస్తాయి. డోసుకి ముందే స్నానం, ఆటలు అయిపోయి ఒళ్లు చల్లబడాలి. డోసు తర్వాత రెండు మూడు గంటలు ఆటలూ వేడి స్నానమూ వద్దు, వెంటనే పడుకోబెట్టవద్దు. జ్వరం వస్తే ఆ రోజు డోసు ఆపి డాక్టరుకి మెసేజ్ పెట్టండి.

ఎపినెఫ్రిన్ ఆటో ఇంజెక్టర్లు (తీవ్ర రియాక్షన్‌లో తొడకి పొడిచే రెడీమేడ్ ఇంజెక్షన్లు) రెండు వెంట ఉండాలి. ఇక్కడ మందుల షాపుల్లో అవి సులభంగా దొరకవు. ఫ్రిజ్‌లో పెట్టకండి, ఎండలో కారులో వదిలేయకండి. ఒంటినిండా దద్దుర్లతో పాటు వాంతులు, గొంతు మారడం, దగ్గు, నీరసం కనిపిస్తే తొడ బయటివైపు మధ్యలో పొడిచి, పడుకోబెట్టి కాళ్లు ఎత్తి, 108కి ఫోన్ చేయండి. ఊపిరి ఆడకపోతే కూర్చోనివ్వండి. తగ్గకపోతే 5 నుంచి 15 నిమిషాల్లో రెండోది. సెటిరిజిన్ లాంటి అలర్జీ మందు దురద తగ్గిస్తుందంతే, అనాఫిలాక్సిస్‌ని (ప్రాణం మీదికి తెచ్చే తీవ్ర రియాక్షన్‌ని) ఆపలేదు.

ప్రశ్న: మా మూడేళ్ల పాపకి పాల అలర్జీ. గేదె పాలు, మేక పాలు కూడా పడలేదు. ఇంట్లోనే చుక్క చుక్క అలవాటు చేయొచ్చా? – గుంటూరు

జవాబు: వద్దు. గేదె, మేక పాల ప్రొటీన్లు ఆవు పాలకు బాగా దగ్గర, అందుకే పడలేదు. ఆవు పాలు ఒక మిల్లీలీటరులో సుమారు 33 మి.గ్రా. ప్రొటీన్ ఉంటుంది. మందు చెంచాతో 5 మి.లీ. పోస్తే 165 మి.గ్రా. పడ్డట్టే. కొందరు పిల్లలకు అంతకంటే తక్కువకే తీవ్ర రియాక్షన్ వస్తుంది. కాచినంత మాత్రాన పాలలోని కేసిన్ అనే ప్రొటీన్ పోదు. అన్నంలో వేసే నెయ్యిలోనూ కొద్దిగా మిగలొచ్చు.

ముందు ఇది ఐజీఈ అలర్జీయేనా (ఐజీఈ అనే యాంటీబాడీల వల్ల వెంటనే వచ్చే రకమేనా) అన్నది తేల్చుకోండి. పాలు తాగిన కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల్లోపు దద్దుర్లు, వాపు, వాంతులు వస్తే అదే అనుకోవాలి. లాక్టోజ్ పడకపోవడం వేరే సమస్య, దానికి ఈ చికిత్స పనికిరాదు. పాల అలర్జీ ఉన్న పిల్లల్లో చాలామందికి వయసుతో పాటు అది తగ్గిపోతుంది. పాలు గోధుమపిండితో కలిపి 180 డిగ్రీల్లో అరగంట బేక్ చేసిన కేకుని ఎక్కువమంది తట్టుకుంటారు కూడా. ఆ పరీక్ష ఆస్పత్రిలోనే చేయించి, పడితే అక్కడి నుంచి మెల్లగా ముందుకు వెళ్తారు. పాపకి ఆస్తమా ఉండి అదుపులో లేకపోతే ముందు దాని సంగతి చూడాలి.

ప్రశ్న: ఓరల్ ఇమ్యునోథెరపీ ఎన్నాళ్లు? తర్వాత అలర్జీ పూర్తిగా పోతుందా? – వరంగల్

జవాబు: చాలామందికి పోదు. 2022లో వెలువడిన ఇంపాక్ట్ అధ్యయనంలో నాలుగేళ్లు నిండని పల్లీ అలర్జీ పిల్లలకు 134 వారాలు చికిత్స ఇచ్చారు. చివరికి 71 శాతం మంది 5,000 మి.గ్రా. ప్రొటీన్ తట్టుకున్నారు. తర్వాత 26 వారాలు పల్లీ పూర్తిగా ఆపి మళ్లీ పరీక్షిస్తే, నిలబడింది 21 శాతమే. అంటే ఎక్కువమందికి మెయింటెనెన్స్ డోసు (వచ్చిన అలవాటుని నిలబెట్టే డోసు) ఏళ్ల తరబడి రోజూ ఉండాల్సిందే. మధ్యలో మింగడం కష్టమవడం, పదే పదే కడుపునొప్పి, వాంతులు కనిపిస్తే అన్నవాహికలో ఇసినోఫిల్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) వాపు వచ్చిందేమో చూస్తారు. సాధారణంగా డోసు ఆపితే తగ్గుతుంది.