పురానాపూల్ నిజంగా భాగమతి కోసమే కట్టారా?

హైదరాబాద్‌లో మూసీ మీది పాత వంతెన పురానాపూల్ ప్రేమకథ నిజమేనా, అక్కడ చూడటానికి ఏముంది అని అడిగారు. చిన్నప్పుడు అమ్మతో కూరగాయలకు వెళ్లిన వంతెన కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

తను ప్రేమించిన భాగమతిని కలవడానికి కొడుకు మహమ్మద్ కులీ వరదలో నది దాటాడని, ఆ భయంతో గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కులీ కుతుబ్ షా వంతెన కట్టించాడని చెబుతారు. కానీ ఇది కట్టింది 1578లో. అప్పటికి ఆ కుర్రాడికి 12, 13 ఏళ్లు! నాకైతే నమ్మబుద్ధి కాదు. గోల్కొండ కోట కిక్కిరిసిపోతోంది, నది దక్షిణపు ఒడ్డుకు దారి కావాలి. అసలు కారణం అదేనని నా నమ్మకం. చార్మినార్, దాంతోపాటు హైదరాబాద్ నగరం ఆ ఒడ్డున లేచింది 1591లో. అంటే ఈ వంతెన హైదరాబాద్ కన్నా వయసులో పెద్దది. దీని తర్వాత వేరే వంతెనలు వచ్చాకే ఇది ‘పురానా’ అయింది.

మా నాన్న మేస్త్రీ. ఒక ఎండాకాలం నన్ను ఒడ్డు దగ్గరికి దింపి కమానులు చూపించాడు. పైన నడిచినన్నాళ్లూ నాకది మామూలు రోడ్డే. సుమారు 600 అడుగుల పొడవు, 35 అడుగుల వెడల్పు ఉన్న ఆ బరువంతా ఎలా నిలబడిందో కింద నుంచి చూస్తేనే అర్థమైంది. కమాను కొన దగ్గర మొనదేలి ఉంటుంది. పైబరువు పడేకొద్దీ రాళ్లు ఒకదాన్నొకటి నొక్కుకుని ఇంకా బిగుస్తాయి. గుండ్రటి కమానుతో పోలిస్తే మొనదేలినది పక్కలకు తక్కువ తోస్తుంది, బరువు నేరుగా కింది దిమ్మెల్లోకి దిగుతుంది. అందుకే ఆ దిమ్మెలు అంత లావు. “ఇందులో ఇనుము లేదురా, తుప్పు పట్టేదేముంది?” అన్నాడు నాన్న.

పదిహేడో శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే దీన్ని చూసి పారిస్‌లోని పాంట్ నఫ్ వంతెనకు దాదాపు తీసిపోదని రాశాడు. 1820 వరదలో దెబ్బతింటే నిజాం సికందర్ జా కాలంలో బాగుచేశారు. 1908 సెప్టెంబరు వరద వేలమందిని పొట్టన పెట్టుకుంది, మిగతా వంతెనలు తెగిపోయాయి. ఇది దెబ్బతిన్నా నిలబడింది.

ఇప్పుడు దీని మీద బండ్లు తిరగవు, కూరగాయల అంగళ్లు ఉంటాయి. వాళ్లు ఉండటం నాకు ఇష్టమే, మనుషులు తిరిగే కట్టడానికి ఆ అందం వేరు. కానీ రాళ్ల సందుల్లో రావి మొలకలు చూస్తే బాధేస్తుంది, వాటి వేళ్లు కమానునే విడదీస్తాయి. మీరు పొద్దున్నే వెళ్లండి. ముందు పక్కనున్న కొత్త వంతెన మీద నిలబడి కమానుల వరస మొత్తం చూసి, తర్వాత పాత దాని మీదికి నడవండి.