చెరువు మట్టిలో డాఫ్నియా గోళ్ళు: ఎమ్మెస్సీ ప్రాజెక్టు ప్రశ్నకు నా జవాబు

మీ ఊరి చెరువు అడుగు మట్టిలో క్లాడోసెరా (డాఫ్నియా లాంటి, కంటికి చుక్కల్లా కనిపించే చిన్న నీటి జీవులు) అవశేషాలు లెక్కపెడితే, వందేళ్ళ కింద ఆ నీళ్ళు ఎలా ఉండేవో తెలుస్తుందా అని అడిగారు. తెలుస్తుంది. మీ చెరువు అందుకు పనికొస్తుందా అన్నది మాత్రం వేరే సంగతి, అది తర్వాత చెప్తా.

చేపల చెరువుల వాళ్ళు గాజు గ్లాసులో నీళ్ళు ఎండకెత్తి చూస్తారు చూడండి, అందులో గంతులేసే చుక్కల్లో డాఫ్నియా లాంటివీ ఉంటాయి. కెనడాలోని ఒంటారియోలో చదివేటప్పుడు రెండు చలికాలాలు నాకు వీటి శవపరీక్షే పని. గడ్డకట్టిన సరస్సు మీద రంధ్రం తొలిచి, బరువు కట్టిన గొట్టం అడుక్కి దింపితే మట్టి పొరలు చెదరకుండా పైకొస్తాయి. దాన్ని అర సెంటీమీటరు బిళ్ళలుగా కోస్తాం. ఏ బిళ్ళ ఎప్పటిదో లెడ్-210 (కాలంతో తరిగిపోయే రేడియోధార్మిక సీసం) చెప్తుంది. దాని అర్ధాయువు 22 ఏళ్ళ పైచిలుకు కాబట్టి సుమారు 150 ఏళ్ళ దాకానే పనికొస్తుంది. తర్వాత మట్టిని పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేడి చేసి, 38 మైక్రాన్ల జల్లెడలో కడిగితే కైటిన్ (వీటి పెంకుల్లోని గట్టి పదార్థం) ముక్కలు మిగుల్తాయి.

నా మొదటి స్లైడ్లలో బాస్మినా అనే ఇంకో క్లాడోసెరా తలలూ పెంకులూ కుప్పలుగా కనిపించాయి. డాఫ్నియా పెంకు ఒక్కటీ లేదు. "ఈ సరస్సులో డాఫ్నియా ఎప్పుడూ లేదు" అని ధీమాగా రాసిచ్చా. మా గైడ్ చదివి ఒకటే అడిగారు: "గోళ్ళు చూశావా?" డాఫ్నియా పెంకు మట్టిలో నిలవదట. మిగిలేవి తోక చివరి గోళ్ళు, గుడ్లు దాచుకునే జీను ఆకారపు తిత్తి. స్లైడ్లన్నీ మళ్ళీ మొదటినుంచి చూశా. కామా గుర్తుకి దువ్వెన పళ్ళు పెట్టినట్టుంటాయవి. కింది పొరల్లో బోలెడున్నాయి, పైకొచ్చేకొద్దీ పలచబడ్డాయి. ఇంకో తప్పు కూడా అప్పుడే బయటపడింది: తలలూ పెంకులూ విడివిడిగా లెక్కపెట్టి కూడేశా. ఒక జీవి అన్ని ముక్కలవుతుంది కదా, ఎక్కువగా దొరికిన భాగాన్ని బట్టే ఎన్ని జీవులో తేల్చాలి.

డాఫ్నియా ఎందుకు తగ్గిందంటే కాల్షియం. ఆ ప్రాంతమంతా గ్రానైట్ రాయి మీద పలుచటి మట్టి. ఆమ్ల వర్షాలు దశాబ్దాల పాటు అందులోని కాల్షియాన్ని కడిగేశాయి, చెట్లు నరికి తరలించినప్పుడు ఇంకొంత పోయింది. డాఫ్నియా మాటిమాటికీ పెంకు విడుస్తుంది, కొత్తదానికి మళ్ళీ కాల్షియం కావాలి. లీటరుకి 1.5 మిల్లీగ్రాముల కంటే తగ్గితే దానికి కష్టకాలమే. 2008లో 'సైన్స్' పత్రికలో దీని మీద పెద్ద అధ్యయనమే వచ్చింది. ఇప్పుడక్కడ చాలా సరస్సుల్లో డాఫ్నియా చోటులోకి జిగురు తొడుగున్న హోలోపీడియం అనే ఇంకో క్లాడోసెరా వచ్చింది. విచిత్రమేంటంటే అది మట్టిలో దాదాపు ఏమీ మిగల్చదు. పోయినవాడి గుర్తులుంటాయి, వచ్చినవాడివి ఉండవు! అందుకే మట్టితో పాటు ఇప్పటి నీళ్ళలో వల వేసి కూడా చూసుకోవాలి.

ఇక మీ చెరువు. ఒంటారియోలో నేను చూసిన ఆ సరస్సు అడుగుని ఎవరూ కదిలించరు. మన చెరువు వేసవిలో ఎండుతుంది, గేదెలు తొక్కుతాయి, పూడిక తీసి పొలాలకు తోలుకుపోతారు. తెలంగాణలో అయితే 2015 నుంచి మిషన్ కాకతీయ కింద వేల చెరువుల్లో పూడిక తీశారు. అంటే మీక్కావలసిన వందేళ్ళ పొరలు ఏ చేలోనో ఉండొచ్చు. ముందు ఊళ్ళో పెద్దవాళ్ళని అడిగి, ఎండని, తవ్వని మడుగు ఏదైనా ఉందేమో కనుక్కోండి. లేకపోతే అంశం మార్చేయండి: ఎండిన మట్టి తెచ్చి నీళ్ళు పోసి, తిత్తుల్లోంచి ఏవేం పొదుగుతాయో రోజూ రాసుకోండి. అమెరికాలోని మిన్నెసోటాలో ఒక సరస్సు మట్టిలోంచి వందల ఏళ్ళ నాటి డాఫ్నియా గుడ్లు పొదిగించారు. మీకు పోయిన వర్షాకాలం గుడ్లయితే చాలు.