టార్ప్ ఇంట్లోనే చేసుకుంటే నిజంగా మిగిలేదెంత?

ప్రశ్న: నా వయసు 26. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, చేతికి 34 వేలు వస్తుంది. నెలకో రెండు నెలలకో ఫ్రెండ్స్‌తో బైకుల మీద అనంతగిరి, మారేడుమిల్లి వైపు క్యాంపింగ్‌కి వెళ్తుంటాం. మంచి టార్ప్, అంటే వాన పడకుండా పైన కట్టుకునే గుడ్డ, ఆన్‌లైన్‌లో 4,800 ఉంది, ఆరు నెలల నో కాస్ట్ ఈఎంఐ ఇస్తున్నారు. గుడ్డ కొని సిలికాన్ పూస్తే 600లో అయిపోతుందని వీడియోల్లో చూశాను. బాగా కుదిరితే ఓ పది చేసి అమ్ముదామని, అందుకు 20 వేల ఎఫ్‌డీ తీసేద్దామని ఆలోచన. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ 600 సంగతి చూద్దాం, ఎందుకంటే నేనూ రెండేళ్ల కిందట అదే నమ్మి మా డాబా మీద మొదలుపెట్టాను. అయింది 1,865.

ఎలాగంటే, టార్ప్ 3 మీటర్లు బై 3 మీటర్లు కావాలి, షాపులో పాలిస్టర్ గుడ్డ పన్నా 58 అంగుళాలే, అంటే రెండు ముక్కలు కలిపి కుట్టాలి, ఆరున్నర మీటర్లు పట్టింది, మీటరు 90 చొప్పున 585. సందులు పూడ్చే సిలికాన్ సీలెంట్ ట్యూబులు రెండు 440, మినరల్ టర్పెంటైన్ రెండు లీటర్లు 320, బ్రష్షు, గ్లవ్స్ 90, టైలర్‌కి 150, బ్యాగులు కుట్టేవాళ్ల దగ్గర పదహారు రింగులు కొట్టించినందుకు 160, తాడు 120. వీడియోల వాళ్లు గుడ్డ, ఒక ట్యూబు వరకే చెప్పి మిగతావి మన ఇంట్లో ఉంటాయనుకుంటారు. మా ఇంట్లో అయితే లేవు.

రెండో ట్యూబు నా తప్పు వల్లే వచ్చింది. ఒక ట్యూబుని లీటరున్నర టర్పెంటైన్‌లో కలిపితే మజ్జిగలా పలచగా అయింది, పూశాను, ఒక రోజు దండెం మీద ఆరేశాను. తర్వాత గుడ్డని నాలుగు కుర్చీలకు కట్టి మధ్యలో గ్లాసుడు నీళ్లు పోసి, కింద చెయ్యి పెట్టి చూస్తే పది నిమిషాల్లో అరచెయ్యి తడి. మిగిలిన అర లీటరులో రెండో ట్యూబు గంజిలా కలిపి ఇంకో పూత వేస్తే అప్పుడు ఆగింది. మీరు చేస్తే ఒక ట్యూబుకి లీటరు దాటనివ్వకండి. ట్యూబు మీద 100 శాతం సిలికాన్ అని రాసి ఉండాలి, యాక్రిలిక్ సీలెంట్ పనికిరాదు, అది టర్పెంటైన్‌లో కరగదు. గుడ్డ కొనేటప్పుడు మూతికి ఆనించి ఊది చూడండి, గాలి సులువుగా అవతలికి పోతే ఆ నేత మనకొద్దు. మధ్య కుట్టు మీద కూడా అదే సిలికాన్ వేలితో రాయాలి, ఎందుకంటే ఒకసారి సిలికాన్ పూసిన గుడ్డకి తర్వాత ఏ టేపూ, ఏ గమ్మూ అంటుకోదు. ఇదంతా ఆరుబయటే చేయండి, టర్పెంటైన్ మంటకు అంటుకునే సరుకు, పైగా ఆరేదాకా వెనిగర్ వాసన. ఆరిన టార్ప్ కింద కూడా స్టవ్ వెలిగించొద్దు.

ఖర్చు ఇంకా తగ్గాలంటే పటిక, సబ్బు పద్ధతి ఉంది. కాటన్ గుడ్డని సబ్బు నీళ్లలో నానబెట్టి, ఆరాక పటిక నీళ్లలో ముంచుతారు, వందలోపే అయిపోతుంది. చిరుజల్లుకి పర్వాలేదు, మన్యం వానకి నిలబడదు. మైనం పూత అయితే మన ఎండలకి మెత్తబడి, మడతపెట్టిన చోట అంటుకుపోతుంది.

ఇప్పుడు డబ్బు లెక్క. మీరు 4,800తో పోల్చుకుని మిగులు చూసుకుంటున్నారు. అసలు పోల్చాల్సింది దానితో కాదు, వడ్లు కప్పే టార్పాలిన్‌తో. మా వైపు బరకం అంటాం. పదికి పది అడుగులది, 200 జీఎస్ఎం (చదరపు మీటరుకి 200 గ్రాముల బరువు), మా దగ్గర షాపులో 750 చెప్పాడు. రింగులు కూడా కొట్టే ఉంటాయి. దాంతో పోలిస్తే ఇంట్లో చేసినదానికి నాకు 1,115 ఎక్కువే పడింది. బరువు చూస్తే బరకం రెండు కిలోలకి కాస్త తక్కువ, ఇంట్లో చేసింది కిలో లోపు. భుజాన వేసుకుని కొండెక్కేవాళ్లకి ఆ కిలో తేడాకి విలువ ఉంది, మీరు వెళ్లేది బైకు మీద. ఇంకా మాట్లాడితే పాత ఎన్నికల ఫ్లెక్సీ కూడా నీళ్లు ఆపుతుంది, నాయకుడి మొహం పైకి పెట్టాలా కిందకి పెట్టాలా అన్నది మీ ఇష్టం.

అయినా చేయాలని సరదాగా ఉందా, చేయండి. మీ గంటకి ఇంత జీతం కాబట్టి మీ ఆదివారం ఖర్చు ఇంత అని లెక్కగట్టే పద్ధతి నాకు నచ్చదు, ఆదివారం మీ కంపెనీ ఎలాగూ ఇవ్వదు కదా. కాకపోతే దాన్ని పొదుపు అనకండి, సరదా ఖర్చు అని రాసుకుని ఆ నెల సినిమాలు, బిర్యానీల డబ్బులోంచి తీయండి.

ఈఎంఐ వద్దు. నో కాస్ట్ అంటారు గానీ ప్రాసెసింగ్ ఫీజు 199 ఉందనుకోండి, 18 శాతం జీఎస్టీతో 235, అంటే 4,800 మీద దాదాపు 5 శాతం. చాలా కార్డుల్లో వడ్డీ భాగం మీద కూడా మళ్లీ జీఎస్టీ పడుతుంది. ఒక్క నెల బిల్లు పూర్తిగా కట్టలేకపోతే మిగిలినదాని మీద నెలకి మూడు, మూడున్నర శాతం వేస్తారు. వాన కోసం కొన్న గుడ్డకి ఎండాకాలం దాకా వాయిదాలు కట్టడం ఎందుకు?

ఎఫ్‌డీ మాత్రం ముట్టుకోవద్దు. ముందే తీస్తే సాధారణంగా అర శాతం నుంచి ఒక శాతం దాకా వడ్డీ కోత ఉంటుంది, అది చిన్న విషయం. మీరు రాసినదాన్ని బట్టి మీ చేతిలో ఉన్న నిల్వ డబ్బు ఆ 20 వేలే, అంటే మీకు నెల ఖర్చులకి కూడా చాలదు. ఉద్యోగం పోయినా, బైకు పడి చెయ్యి విరిగినా ఆదుకునేది అదొక్కటే. దాన్ని పది టార్పులుగా మార్చి, అద్దె గదిలో ఇరవై లీటర్ల టర్పెంటైన్ పెట్టుకుని, ఫ్రెండుకి అమ్మిన టార్ప్ అర్ధరాత్రి కారితే డబ్బులు వాపస్ ఇచ్చి... నేనైతే ఒప్పుకోను. ఒకటి చేసి, ఒక వానాకాలం మొత్తం మీరే వాడండి. ఆ తర్వాత ఎవరైనా అడిగితే సామాను డబ్బు ముందే తీసుకుని చేయండి.

ఈ వారానికైతే 750 పెట్టి బరకం కొనుక్కోండి. 4,800లో మిగిలిన 4,050ని ఆ రోజే ఆ ఎఫ్‌డీ ఉన్న బ్యాంకులో ఆర్‌డీగా మొదలుపెట్టండి, నెలకి 675 చొప్పున ఆరు నెలలు. ఈఎంఐకి సిద్ధపడ్డవాళ్లకి ఇది కష్టం కాదు.